పాత ట్రాక్టరుకి ఏ ప్రైమర్? రెడ్ ఆక్సైడా, ఎపాక్సీయా?

మీరడిగింది ఇదీ: నరసన్నపేట దగ్గర పల్లె. నాన్నగారి హయాంలో కొన్న మాస్సీ 1035. రెండేళ్ల కిందట రంగు వేయిస్తే మడ్గార్డుల అంచులు, ఫుట్‌బోర్డు, రిమ్ములు బుడగలు లేచి పెచ్చులూడాయి. మళ్లీ వేయిద్దామంటే పెయింటరు ‘రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తే చాలదేటి’ అంటున్నాడు. రంగుల షాపాయన ఎపాక్సీ తప్ప మరొకటి వద్దంటున్నాడు. పైరంగు ఏది వెయ్యాలో ఇంకా అనుకోలేదు.

చిక్కంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. పైరంగు తేలకుండా ప్రైమర్ (కింద వేసే అడుగు పొర) తేలదు. పెయింటరు మాటా తప్పు కాదు, షాపాయన మాటా తప్పు కాదు. ఒకాయన ఎనామెల్‌ని మనసులో పెట్టుకుని చెబుతున్నాడు, ఇంకొకాయన పీయూని (పాలియురేతేన్ రంగుని). అదీకాక ట్రాక్టరంతా ఒకే లోహం కాదు. బానెట్టు పల్చటి రేకు, గేరుబాక్సు పోత ఇనుము, రిమ్ము మందపాటి స్టీలు, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. అన్నిటికీ ఒకే డబ్బా తెచ్చి పని ముగిద్దామనుకుంటే ఎక్కడో ఒకచోట దెబ్బ తింటారు.

ముందు పాత పని ఎందుకు పోయిందో చూడండి. ఒక బుడగని చాకుమొనతో లేపండి. కింద తడిగా, నల్లగానో ఇటికరంగులోనో తుప్పు కనిపిస్తే లోహం సరిగ్గా శుభ్రం కాలేదు, గుంటల్లో ఉప్పు మిగిలిపోయింది. ప్రైమర్ ఇనుముని అంటిపెట్టుకుని ఉండి పైరంగు మాత్రమే ఊడొస్తే రెండు పొరలకీ పొత్తు కుదరలేదు, లేదా ప్రైమర్ వేసి మరీ ఆలస్యంగా, గీకకుండా పైరంగు వేశారు. పెచ్చు కింద ఇనుము తళతళలాడుతూ ఉంటే నూనె జిడ్డు మిగిలింది, లేదా వైర్ బ్రష్షుతో రుద్ది రుద్ది నున్నగా చేసేశారు. మీ వర్ణనని బట్టి (అంచులు, ఫుట్‌బోర్డు, రిమ్ములు) మొదటిదే అయ్యుంటుందని నా అంచనా. అదే నిజమైతే ఏ ప్రైమర్ వేసుంటే బతికేది అన్న ప్రశ్నకి జవాబు ‘ఏదీ బతికేది కాదు’ అనే.

పైరంగు సంగతి. మన వైపు ట్రాక్టర్లకి మూడు రకాలు వేస్తారు. సింథటిక్ ఎనామెల్ చవక, బ్రష్షుతోనైనా గన్నుతోనైనా వెయ్యొచ్చు, దెబ్బ తగిలిన చోట ఇంటి దగ్గరే పూసుకోవచ్చు. ఎండకి త్వరగా వెలుస్తుంది. పీయూ అంటే హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపి కొట్టే రెండు డబ్బాల రంగు. ఖరీదెక్కువ, మెరుపు నిలుస్తుంది, డీజిల్ ఒలికినా మెత్తబడదు. ఇక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), పాతవాళ్లు డ్యూకో అంటారు. ఇట్టే ఆరుతుంది, కానీ పెళుసు. పొలంలో తిరిగే బండికి దీన్ని వదిలెయ్యండి.

సింథటిక్ ఎనామెల్ కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చక్కగా కూర్చుంటుంది. రెండూ ఆల్కైడ్ (నూనె కలిసిన రెజిన్) జాతివే. అదే రెడ్ ఆక్సైడ్ మీద పీయూ కొడితే, పీయూ థిన్నరులో ఉన్న ఘాటు ద్రావకాలు కింది పొరలోకి దిగి దాన్ని ఉబ్బిస్తాయి. గన్ను దించేలోపే ముడతలు లేవొచ్చు. ఆ రోజు బాగానే కనిపించి తర్వాత పొరలుగా ఊడటం ఇంకా దారుణం, ఎందుకంటే అప్పటికి పెయింటరు డబ్బులు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. ‘వారం ఆరబెట్టాం కదా’ అన్నా లాభం లేదు. ఆల్కైడ్ గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. పైచర్మం గట్టిపడినా అడుగు చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. మందంగా పట్టిస్తే మరీను. ఎన్‌సీ పుట్టీ, ఎన్‌సీ థిన్నరు తగిలినా ఇదే కథ.

ఎపాక్సీ దారి వేరు. హార్డెనర్‌తో కలిసి అదే రసాయనికంగా గట్టిపడుతుంది, గట్టిపడ్డాక మామూలు థిన్నర్లకి లేవదు. దాని మీద ఎనామెల్ అయినా పీయూ అయినా నిలుస్తుంది. నీరు లోపలికి దిగడం కూడా బాగా తక్కువ. రెడ్ ఆక్సైడ్ పొర అలా కాదు, సన్నటి రంధ్రాలున్న పొర. ప్రైమర్ కొట్టేసి, పెయింటరు దొరకలేదని బండిని నెల రోజులు వాకిట్లో వదిలేస్తే తేమ లోపలికి దిగి, దాని కిందే తుప్పు మొదలవుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఆ పైన రంగు వేస్తారు. ఏడాది తిరగకుండా బుడగలు. మన పల్లెల్లో రెడ్ ఆక్సైడ్‌కి చెడ్డపేరు రావడానికి సగం కారణం ఈ వాయిదాలే.

రెడ్ ఆక్సైడ్ కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. ఆ ఎర్రరంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్. అది ఒట్టి రంగు, తుప్పుని ఆపే గుణం దానిలో పెద్దగా లేదు. ఆపేది జింక్ ఫాస్ఫేట్, లేదా జింక్ క్రోమేట్. ‘రెడ్ ఆక్సైడ్ జింక్ ఫాస్ఫేట్’ అని రాసి ఉన్నది తీసుకోండి. క్రోమేట్ పనిచేస్తుంది గానీ అందులో ఉన్నది క్యాన్సరు కలిగించే క్రోమియం, గీకేటప్పుడు ఆ దుమ్ము పీల్చక తప్పదు. తలుపులకీ కిటికీ గ్రిల్సుకీ అమ్మే చవక రెడ్ ఆక్సైడ్ ట్రాక్టరుకి వద్దు. పల్చన చెయ్యడానికి కిరసనాయిలు పొయ్యడం అలవాటు కొందరికి. కిరసనాయిలు పూర్తిగా ఎగిరిపోదు, పొర జిడ్డుగా, మెత్తగా మిగిలిపోతుంది. మినరల్ టర్పెంటైన్ వాడమనండి, పోసేది మీ కళ్లముందు పొయ్యమనండి.

సరే, మీ బండికి ఏం చెయ్యాలి. ఇంకా దమ్ముకీ ట్రాలీకీ తిరుగుతుంటే రేకు భాగాలన్నిటికీ, రిమ్ములకీ, ఫుట్‌బోర్డుకీ, బ్యాటరీ తొట్టెకీ ఎపాక్సీయే వెయ్యండి. ఇందులో బేరం లేదు. దమ్ము బురద రిమ్ముల్లో రోజుల తరబడి ఉంటుంది. ఎరువు బస్తాలు మడ్గార్డుల మీద వేస్తారు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఉప్పు కోవలోదే. ఆ పొడి తడిసి రేకుల అతుకుల్లోకి దిగితే సముద్రపు గాలి అక్కర్లేదు. బ్యాటరీ కింద యాసిడ్ ఉండనే ఉంది, దాన్ని ఆల్కైడ్ తట్టుకోలేదు. ఇంజను బ్లాకు, గేరుబాక్సు, వెనక యాక్సిల్ పోత ఇనుము, మందం ఎక్కువ. అక్కడ తుప్పు అందం చెడగొడుతుంది గానీ చిల్లు పెట్టదు. డబ్బు తగ్గించుకోవాలంటే అక్కడ తగ్గించండి. జింక్ ఫాస్ఫేట్ రెడ్ ఆక్సైడ్ 2 పల్చటి పొరలు, దానిమీద బూడిదరంగు ఎనామెల్. రేకు మీద మాత్రం తగ్గించకండి.

బానెట్టు, మడ్గార్డులు మెరవాలంటే ఎపాక్సీ మీద పీయూ. పొలం బండే కదా, గీతలు పడ్డా పరవాలేదు, మనమే పూసుకుంటాం అనుకుంటే ఎపాక్సీ మీద ఎర్ర ఎనామెల్. నన్నడిగితే రోజూ పని చేసే బండికి రెండోదే సుఖం. పీయూ మీద పడ్డ గీతని ఇంటి దగ్గర కలిసిపోయేట్టు దిద్దడం ఎవరి తరమూ కాదు.

సైలెన్సరుకీ, ఎగ్జాస్ట్ మానిఫోల్డుకీ ఏ మామూలు ప్రైమరూ వద్దు. ఎపాక్సీ 120 డిగ్రీలు దాటితే రంగు మారి, ఆపైన కాలి పొడిపొడిగా రాలిపోతుంది. అక్కడ సిలికాన్ రెజిన్‌తో చేసిన వేడి తట్టుకునే అల్యూమినియం రంగు శుభ్రమైన లోహం మీద నేరుగా, బాగా పల్చగా రెండు పొరలు. మందంగా వేస్తే పొక్కులు. అది గాలికి పూర్తిగా గట్టిపడదు, 200 డిగ్రీల వేడి తగలాలి. అందుకే మొదట ఇంజను 10 నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపండి. చల్లారాక 20 నిమిషాలు. ఆ తర్వాతే బరువు పని.

ఎచ్ ప్రైమర్, అదే వాష్ ప్రైమర్ గురించి షాపులో ఎవరైనా చెప్పి ఉంటే: అది 8–10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నటి పొర. అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, లోహాన్ని కొరికి పట్టుకుంటుంది. అల్యూమినియం భాగాలకి, జీఐ రేకుతో (జింకు పూత ఉన్న రేకు) చేయించిన టాపుకి బాగుంటుంది. అది ఒక్కటే వేసి వదలకూడదు, అదే రోజు పై ప్రైమర్ పడాలి. చాలామంది చేసే పొరపాటు, ‘రెండూ ఉంటే ఇంకా గట్టి’ అని ఎచ్ మీద ఎపాక్సీ కొట్టడం. ఎపాక్సీ హార్డెనర్ క్షారం, ఎచ్‌లో ఉన్నది ఆమ్లం. రెండూ కలిసేచోట ఎపాక్సీ సరిగ్గా గట్టిపడక చర్మంలా ఊడొస్తుంది. కంపెనీ డేటా షీటులో వెయ్యొచ్చని స్పష్టంగా ఉంటే తప్ప రెండిట్లో ఒకటే. జీఐ రేకు మీద రెడ్ ఆక్సైడ్‌గానీ ఎనామెల్‌గానీ నేరుగా వద్దు. జింకుతో చర్య జరిగి సబ్బులాంటి పొర తయారై మొత్తం జారిపోతుంది.

ఇక అసలు పని, లోహాన్ని సిద్ధం చెయ్యడం. ఖర్చులో సగం, శ్రమలో ముప్పాతిక ఇక్కడే.

ముందు కారేవి ఆపాలి. క్రాంక్ సీలు, వెనక యాక్సిల్ సీళ్లు, హైడ్రాలిక్ లిఫ్ట్ మూత గాస్కెట్ ఏది కారుతున్నా మార్పించండి. నూనె చెమర్చే చోట ఏ ప్రైమరూ నిలవదు. తర్వాత మట్టి, గ్రీజు. డీజిల్‌తో కడిగితే గ్రీజు వదులుతుంది, నిజమే, కానీ డీజిల్ పొర మిగులుతుంది. కాబట్టి డీజిల్‌తో ఆపకండి. తర్వాత డిటర్జెంటు కలిపిన వేడినీళ్లతో రుద్ది కడగాలి. పోత ఇనుము రంధ్రాల్లో ఏళ్ల తరబడి దిగిన నూనె ఎండకి మళ్లీ పైకి ఊరుతుంది. కడిగి, గంటసేపు ఎండలో పెట్టి, మళ్లీ తుడవండి. గుడ్డకి మరక అంటినంత కాలం పని అయిపోలేదు. చివర్లో థిన్నరుతో తుడిచేటప్పుడు రెండు గుడ్డలు ఉండాలి, ఒకటి తడిది, ఇంకోటి పొడిది. తడి గుడ్డ జిడ్డుని కరిగిస్తుంది, అది ఆరేలోపు పొడి గుడ్డ ఎత్తుకోవాలి. ఒక్క గుడ్డతో తుడిస్తే జిడ్డు అటునుంచి ఇటు మారుతుందంతే. పరీక్ష సులువు: శుభ్రమైన నీళ్లు చల్లండి. పల్చటి పొరలా పరుచుకుంటే జిడ్డు లేదు, ముత్యాల్లా చుక్కలు కడితే ఉంది.

పాత రంగు ఏ జాతిదో తెలియకపోతే ఎన్‌సీ థిన్నరులో ముంచిన గుడ్డని ఒకచోట నిమిషం అదిమిపెట్టండి. కరిగి అంటుకున్నా, ముడత లేచినా అది ఎన్‌సీయో ఎనామెలో. అలాంటి పాత రంగు మీద ఎపాక్సీ, పీయూ వెయ్యడం జూదం. ఇనుము వరకూ తీసెయ్యాలి. ఏమీ కాకపోతే గట్టిపడ్డ హార్డెనర్ రంగు. గట్టిగా పట్టి ఉన్నచోట 180 నంబరు గరుకు పేపరుతో గీకి దాని మీదే వెయ్యొచ్చు. అన్నట్టు పాత ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లోనూ, సిందూరం రంగు పాత ప్రైమర్లలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) హద్దు 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, అదీ ఇళ్ల రంగులకి. కాబట్టి పాత పొరల్ని పొడిగా గ్రైండరు పెట్టి దుమ్ము లేపకండి. పెయింట్ రిమూవర్ పూసి గీకండి, లేదా తడిపేపరుతో రుద్దండి. పిల్లలు, కోళ్లు తిరిగే వాకిట్లో ఈ పని అసలే వద్దు. గీకిన పొట్టుని గుడ్డ మీద పట్టి ఎత్తెయ్యండి.

తుప్పు తియ్యడానికి గ్రైండరుకి వైర్ కప్పు తగిలించి తిప్పేస్తారు. పైపొర పోతుంది గానీ గుంటల్లో తుప్పు అలాగే ఉండి, పైన ఇనుము పాలిష్ పెట్టినట్టు నున్నబడుతుంది. నున్నటి దాన్ని ఎపాక్సీ పట్టుకోదు. వైర్ కప్పు తర్వాత 80 నంబరు పేపరుతో అంతటా గరుకు చేయించండి. పల్చటి రేకు మీద 120 వరకూ పరవాలేదు.

బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుకలాంటి గరుకు పొడి కొట్టి తుప్పు రాల్చడం) చేయించగలిగితే రిమ్ములకీ పోత భాగాలకీ దాన్ని మించింది లేదు. బానెట్టు రేకుకి మాత్రం వద్దు, అలలు తేలి ఒంకరపోతుంది. ఇసుక ఎక్కడినుంచి తెస్తున్నారో అడగండి. నాగావళి ఇసుకైనా వంశధార ఇసుకైనా పొడిగా కొడితే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. సముద్రపు ఇసుకైతే దానికి తోడు ఉప్పుని ఇనుములోకి దించేస్తుంది. గార్నెట్ (గట్టి ఖనిజపు ఇసుక) గానీ కాపర్ స్లాగ్ (రాగి తియ్యగా మిగిలిన చిట్టెం) గానీ వాడేచోటే చేయించండి. చిత్రమేమిటంటే ఆ గార్నెట్ మన శ్రీకాకుళం తీరం ఇసుకలోనే ఉంది, కానీ శుద్ధి చేసి వేరు చేస్తేనే పనికొస్తుంది.

ఇప్పుడు ఉప్పు. భావనపాడు, కళింగపట్నం, సోంపేట, భోగాపురం వైపు బండ్లకి ఇదే అసలు శత్రువు. రాజాం, బొబ్బిలి వైపు కొంత నయం. తుప్పు గుంటల అడుగున క్లోరైడు కూర్చుంటుంది. పైన ఎంత గీకినా పోదు. అది గాలిలో తేమని లాక్కుంటుంది. రంగు పొర గుండా కూడా నీటిని లోపలికి లాగి బుడగ లేపుతుంది. ఉందో లేదో తెలుసుకోవాలంటే శుభ్రం చేసిన భాగాన్ని ఒక రాత్రి తడిగాలికి వదలండి. తెల్లారేసరికి గుంటల్లో చెమట పట్టినట్టు చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తే ఉప్పుంది. అప్పుడు కడగడం, ఆరబెట్టడం, గీకడం, మళ్లీ కడగడం. చుక్కలు రావడం ఆగేదాకా తిప్పాలి. తీరం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పన. ఆ నీళ్లతో కడిగితే కడిగిన కొద్దీ ఉప్పు చేరుతుంది. ఆఖరి కడుగుడు 20 లీటర్ల ఆర్‌ఓ క్యాన్ నీళ్లతో చెయ్యండి. రెండు క్యాన్లయితే బానెట్టు, మడ్గార్డులు, ఫుట్‌బోర్డు అన్నిటికీ సరిపోతాయి. కడిగిన వెంటనే కంప్రెసర్ గాలితో అతుకుల్లో నీళ్లు ఊదించి ఎండలో పెట్టండి.

ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవరు వాడితే 10–20 నిమిషాలు తడిగానే ఉంచాలి, ఆరనివ్వకూడదు. ఆరితే తెల్లటి పొడి కడుతుంది, దాని మీద ఏదీ పట్టదు. బాగా రుద్ది కడిగేయాలి. యాసిడ్ మిగిలితే ఎపాక్సీకి ఏమవుతుందో పైన చెప్పాను. తుప్పుని నల్లగా మార్చే కన్వర్టర్లు ఎనామెల్ పనికి పరవాలేదు. ఎపాక్సీ కింద శుభ్రమైన లోహమే మేలు.

శుభ్రం చేసిన ఇనుము మన తేమకి గంటల్లో రంగు మారుతుంది. కాబట్టి మొత్తం బండిని ఒకేసారి గీకి కూర్చోకండి. ఈ రోజు ఎంత భాగానికి ప్రైమర్ పడుతుందో అంతే గీకండి. పొద్దున్న గీకింది మధ్యాహ్నం 3 లోపు ప్రైమర్ కింద ఉండాలి.

కాలం విషయానికొస్తే, అరసవల్లి రథసప్తమి దాటిన దగ్గర్నుంచి మార్చి నెలాఖరు వరకూ మనకి మంచి అదను. నూర్పులు అయిపోయి బండి కూడా ఖాళీగా ఉంటుంది. సిరిమాను రోజులంటే (విజయనగరం పైడితల్లి జాతర, అక్టోబరు ప్రాంతం) తుపానుల కాలం, అప్పుడు మొదలెట్టకండి. రోజులో 10:30 నుంచి 3 లోపు కొట్టాలి. లెక్క ఇదీ: ఇనుము ఉష్ణోగ్రత, గాలిలో తేమ మంచులా నీరు కట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం అయితే 25 డిగ్రీలకే నీరు కడుతుంది. రాత్రంతా షెడ్డులో ఉన్న గేరుబాక్సు పొద్దున్న 9కి 25 డిగ్రీలే ఉండొచ్చు. కంటికి కనిపించని తడి దాని మీద ఉంటుంది. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. తేమ 85 దాటితే ఆ రోజు పేపరు పని చేసుకోవడమే. మే ఎండలో ఇంకో బాధ, గన్నునుంచి వెళ్లే రంగు దారిలోనే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. అప్పుడు నిదానంగా ఎగిరే థిన్నరు కావాలి.

ఎపాక్సీ ఎంత తేవాలి? 35 హార్స్‌పవర్ బండికి రేకు రెండు వైపులా, రిమ్ములు, చాసిస్ కలిపి సుమారు 15 చదరపు మీటర్లు అనుకుందాం. ఆరిన పొర 60 మైక్రాన్లు కావాలి. డబ్బా మీద ఘనపదార్థం 50 శాతం అని ఉంటే లీటరు కాగితం మీద 8 చదరపు మీటర్లు వస్తుంది. గన్ను గాలికి పోయేది తీసేస్తే 5 వస్తే గొప్ప. అంటే కలిపిన మందు 3 లీటర్లు. పాళ్లు 4:1 అయితే బేసు 2.4 లీటర్లు, హార్డెనర్ 0.6 లీటరు. కొన్ని 3:1, కొన్ని 1:1. డబ్బా మీద ఏదుంటే అదే, ఒక కంపెనీ బేసుకి ఇంకో కంపెనీ హార్డెనర్ కలపకూడదు. ‘త్వరగా ఆరుతుంది’ అని హార్డెనర్ ఎక్కువ పోసేవాళ్లున్నారు. అలా ఆరదు. మిగిలిన హార్డెనర్ జిడ్డులా పైకి తేలి పైరంగుని పట్టనివ్వదు. మన ఊళ్లో స్టాకు లేకపోతే విశాఖ ఆటోనగర్‌లో దొరుకుతుంది. తయారీ తేదీ, హార్డెనర్ డబ్బా సీలు చూసి తీసుకోండి.

కలిపాక చాలా ఎపాక్సీలకి 15–30 నిమిషాలు ఆగాలి, వెంటనే కొట్టకూడదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన మందు బతికే కాలం దాదాపు సగమవుతుంది. డబ్బా మీద 25 డిగ్రీలకి 6 గంటలని ఉంటే మన 35 డిగ్రీలకి 3 గంటలే. ఒక్కసారికి అర లీటరు చొప్పున కలుపుకోండి. చిక్కబడిన మందులో థిన్నరు పోసి మళ్లీ లేపడానికి చూడకండి, అది అప్పటికే గట్టిపడటం మొదలైంది.

గన్ను పట్టకముందు ఓ చిన్న బ్రష్షుతో అంచులకీ, వెల్డింగు గీతలకీ, బోల్టు రంధ్రాల చుట్టూ, మడ్గార్డు మడతల్లోనూ ఒక చెయ్యి పుయ్యండి. పదునైన అంచు మీద రంగు నిలవదు, వెనక్కి లాక్కుని పల్చబడుతుంది. మీ మడ్గార్డులు అంచులనుంచే పోవడానికి ఇదీ కారణమే. అంచుల్ని ఆకురాయితో కొంచెం గుండ్రంగా చేస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత గన్నుతో రెండు పొరలు. నాజిల్ 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్లు, పైరంగుకి వాడే 1.3 కాదు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వదలండి, గొట్టానికి నీటిబొట్టుని పట్టే ఫిల్టరు ఉండాలి. పొర మీద చిన్న చిన్న గుంటలు పడుతుంటే గాలిలో నీరో నూనో వస్తోంది, లేదా పక్కనే ఎవరో టైర్ పాలిష్ వాడారు. అందులోని సిలికాన్ గాలికి వచ్చి పడినా చాలు.

సొట్టలకి పుట్టీ ఎపాక్సీ మీద వెయ్యండి, రెడ్ ఆక్సైడ్ మీదా ఎచ్ ప్రైమర్ మీదా వద్దు. ఎపాక్సీ రాత్రంతా ఆరాక 120తో గరుకు చేసి, హార్డెనర్ కలిపే పాలియెస్టర్ పుట్టీ 2–3 మిల్లీమీటర్లకి మించకుండా. హార్డెనర్ బరువులో 2 శాతం. దీన్ని నీళ్లతో రుద్దడం మన దగ్గర గట్టి అలవాటు, కానీ పాలియెస్టర్ పుట్టీ నీరు పీలుస్తుంది. పీల్చిన నీరు తర్వాత బుడగై బయటికొస్తుంది. పొడిగానే గీకమనండి. తర్వాత ఆ మచ్చ మీద మళ్లీ ఎపాక్సీ. పైన పీయూ వేసేట్టయితే బానెట్టుకి మాత్రం పీయూ సర్ఫేసర్ (గీకి నునుపు చేసే మధ్య పొర) ఒక పొర వేసి, 400, ఆపైన 600 పేపరు. ఎనామెల్‌కి సర్ఫేసర్ అక్కర్లేదు. ఎన్‌సీ పుట్టీ గీతలు పూడ్చడానికి పనికొస్తుంది, సొట్టలకి కాదు. మందంగా వేస్తే కుంచించుకుపోయి పగులుతుంది. ఈ బండికి అదీ వద్దు.

రిమ్ములకి పుట్టీ పెట్టొద్దు. టైరు విప్పించి ట్యూబు కూర్చునే లోపలి వైపు కూడా ఎపాక్సీ వెయ్యండి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

పైరంగు ఎప్పుడు? డబ్బా మీద రీకోట్ గడువు ఉంటుంది, సాధారణంగా ఒక రోజునుంచి వారం. గడువులో అయితే నేరుగా, దాటితే 320తో అంతటా మెరుపు పోయేలా గీకి, తుడిచి. ఎండకి గడువు ఇంకా ముందే ముగుస్తుంది. ఎపాక్సీని ఎండలో అలా వదలకూడదు కూడా, సున్నంలా పొడి లేస్తుంది. మాస్సీ ఎరుపు పల్చటి రంగు, కింద ఏముంటే అది పైకి కొడుతుంది. సగం బూడిద ఎపాక్సీ, సగం పుట్టీ మచ్చలుంటే నాలుగు పొరలేసినా తేడా తెలుస్తుంది. అడుగంతా ఒకే రంగు, వీలైతే లేత బూడిద ఉండేట్టు చూడండి.

పీయూ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే అది ఆపదు. పెయింటరుకి ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జి, రంగు తుంపరని ఆపే ఫిల్టరు రెండూ ఉన్న మాస్కు మీరే కొనివ్వండి, పని ఆరుబయటో నాలుగు వైపులా గాలాడే షెడ్డులోనో చేయించండి. ఆస్తమా ఉన్నవాళ్లని దగ్గరికి రానివ్వకండి. ఎపాక్సీ చేతులకి తగిలితే దురదలు పట్టుకుంటాయి, నైట్రైల్ గ్లౌజులు చాలు.

ప్రైమర్ పడకుండా టేపు వెయ్యాల్సినవి: పీటీఓ షాఫ్టు (వెనక పనిముట్లని తిప్పేది), గ్రీజు నిపుల్సు, బ్రీదరు, సీళ్ల పెదవులు, బ్యాటరీ ఎర్త్ బోల్టు కూర్చునే చోటు, ఇంజను, చాసిస్ నంబర్లు. నంబర్ల మీద మందంగా పడితే ఆర్టీఓ దగ్గర ఇబ్బంది. వీటిలో ఎక్కువమంది మరిచేది చక్రం హబ్బుకి ఆనే ముఖం, నట్లు కూర్చునే గుంటలు. అక్కడ ఒక పల్చటి పొర మించి ఉండకూడదు. మందపాటి రంగు నట్టు ఒత్తిడికి నలిగి పల్చబడుతుంది, నట్టు బిగువు పోతుంది. రంగు పూర్తిగా గట్టిపడటానికి వారం ఆగి చక్రాలెక్కించండి. మొదటి గంట తిరిగాక ఒకసారి, 10 గంటల పనయ్యాక మరోసారి నట్లన్నీ బిగించండి.